ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లిష్: కొన్ని అపోహలు, వాస్తవాలు

టెక్సాస్‌లో ఒక ద్విభాషా ప్రాథమిక పాఠశాలలో నేను ఇంగ్లిష్ టీచర్‌ని. పిల్లలు సగం రోజు నా దగ్గర ఇంగ్లిష్‌లో చదువుకుంటారు, మిగతా సగం పక్క గదిలో స్పానిష్‌లో. ఏళ్లుగా పేరెంట్ మీటింగుల్లో వింటున్న మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇంట్లో స్పానిష్ మానేస్తే ఇంగ్లిష్ త్వరగా వస్తుంది.

వాస్తవం: ఈ సలహా విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అమ్మ తనకు బాగా వచ్చిన భాష వదిలేసి వచ్చీరాని ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు మాట్లాడితే, పిల్లకి దక్కేది ఆ రెండు ముక్కలే. కథలు, కబుర్లు, ఎందుకు ఏమిటి అనే ప్రశ్నలు అన్నీ ఆగిపోతాయి. చదవడమనే విద్య ఒక్కసారి పట్టుబడితే చాలు, రెండో భాషలో మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టక్కర్లేదు. పైగా స్పానిష్‌ని దాదాపు రాసినట్టే చదువుతారు, మన తెలుగులాగే. నేను బోర్డు మీద 'ఎవాపొరేషన్' అని రాస్తే, నిన్న పక్క గదిలో 'ఎవాపొరాసియోన్' చదివొచ్చిన పిల్లకి సగం పని అయిపోయినట్టే. నీళ్లు ఆవిరవడం ఎలాగో తనకి తెలుసు, కొత్త పలుకు నేర్చుకుంటే సరి. అన్ని మాటలూ ఇలా కలవవు, నిజమే. స్పానిష్ 'ఎంబరసాదా' వింటే ఇంగ్లిష్ 'ఎంబరస్డ్'లా సిగ్గుపడటం అనిపిస్తుంది, కానీ అర్థం గర్భవతి. అలాంటివి విడిగా నేర్పుతాం.

అపోహ: పలకడం తేడాగా ఉంటే ఏదో లోపం ఉన్నట్టే.

వాస్తవం: ఒకటో తరగతి బాబు ఒకడు స్కూల్‌ని 'ఎస్కూల్' అంటున్నాడని స్పీచ్ థెరపీకి పంపుదామన్నారు. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మలు చూపించాను. స్పూన్, స్టార్, స్కూల్, అన్నిటికీ ముందు 'ఎ' వచ్చింది. టేబుల్, రెడ్, డాగ్ మాత్రం శుభ్రంగా పలికాడు. స్పానిష్‌లో ఏ మాటా స్క, స్ట, స్ప అని మొదలవదు, ముందు 'ఎ' ఉండాల్సిందే. బడి 'ఎస్కువేలా', నక్షత్రం 'ఎస్ట్రెయా'. మా అమ్మమ్మ 'ఇస్కూలు', 'ఇస్టేషను' అనేది. ఇదీ అదే. నిజంగా లోపముంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. అందుకే పరీక్ష రెండింటిలోనూ చేయాలి. బాబుని థెరపీకి పంపలేదు.

అపోహ: గ్రౌండ్‌లో గడగడా ఇంగ్లిష్ మాట్లాడుతోంది, ఇక సాయం అక్కర్లేదు.

వాస్తవం: ఆటల్లో మాట్లాడే భాష రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం చదివి, కారణం రాసి, వాదించగలిగే భాషకి 5 నుంచి 7 ఏళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఎప్పుడో చూపించారు. మధ్యలో సాయం ఆపేస్తే, పిల్ల మూడో తరగతి సైన్సు దగ్గర చతికిలబడుతుంది. అప్పుడు తెలివి తక్కువంటారు.

అపోహ: స్పానిష్ వాళ్లు ఇంగ్లిష్ నేర్చుకోరు.

వాస్తవం: అమెరికాలో 4 కోట్ల మందికి పైగా ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు. వాళ్లలో సగం కన్నా ఎక్కువమందికి ఇంగ్లిష్ కూడా బాగా వచ్చు. మూడో తరానికి వచ్చేసరికి చాలా ఇళ్లలో జారిపోయేది స్పానిషే. అయినా భయం తగ్గలేదు. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపోజిషన్ 227 (నేరుగా జనం ఓటుకి పెట్టిన ప్రతిపాదన)తో బడుల్లో ద్విభాషా బోధనని చాలావరకు ఆపేశారు. 2016లో ప్రొపోజిషన్ 58తో ఆ రాష్ట్రం ఓటర్లే మళ్లీ తలుపు తెరిచారు.

అపోహ: ద్విభాషా బడి వలస పిల్లలకే.

వాస్తవం: 1963లో మయామిలోని కోరల్ వే బడిలో క్యూబా నుంచి వచ్చిన పిల్లలు, ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలు కలిసి రెండు భాషల్లోనూ చదివారు. మా బడీ ఆ దారిలోదే. ఈ ఏడాది నా తరగతిలో ఒక తెలుగు పాప ఉంది. మూడు భాషలూ కలగాపులగం అయిపోతాయేమోనని వాళ్లమ్మగారు చాలా టెన్షన్ పడ్డారు. ఇంట్లో తెలుగు మాత్రం మానకండి అన్నాను. మొన్న లంచ్‌లో ఆ పాప చెంచా పైకెత్తి పక్కనున్న స్నేహితురాలికి 'చెంచా' అని నేర్పుతోంది. ఆ పిల్ల తన చెంచా ఎత్తి 'కుచారా' అంది. తర్వాత ఫోర్క్ తీశారు.