ఊరందరి కోసం గీసే గీత

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

ఆర్కిటెక్ట్ అంటే బంగళాలకు ప్లాన్లు గీసేవాళ్లేగా తాతగారూ, అని మీలో ఒకరు అడిగారు. అదీ మా పనేనమ్మా. ఇల్లు కట్టించుకునే ఆసామి ఎదురుగా కూర్చుని ఇది కావాలి, అది వద్దు అని చెబుతాడు కాబట్టి అందులో టెన్షన్ తక్కువ. బస్టాండో, ఆసుపత్రో, పేదల కాలనీయో గీయాల్సి వచ్చినప్పుడే అసలు కష్టం. వాటిని రోజూ వాడుకునేవాళ్లు మా ఆఫీసు గడప తొక్కరు. వాళ్లకేం కావాలో మనమే వెళ్లి తెలుసుకోవాలి.

పేరున్న ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి గారు అలాగే చేశారు. 1980లలో ఇండోర్‌లో ఎక్కువగా పేదల కోసం కట్టే అరణ్య అనే కాలనీకి ప్లాను గీశారు. దాదాపు 85 హెక్టార్లలో 6,500 ఇళ్లు. గీయబోయే ముందు ఆ ఊరి మురికివాడల్లో జనం ఎలా బతుకుతున్నారో పరిశీలించారు. గుమ్మం ముందు జాగాను ఎలా వాడుకుంటున్నారు, చెట్టు నీడన ఏం చేసుకుంటున్నారు, చిన్న కొట్టు ఎక్కడ పెట్టుకుంటున్నారు, ఇవన్నీ.

అందరికీ పూర్తి ఇల్లు కట్టివ్వాలంటే డబ్బు చాలదు. అందుకని నిరుపేదలకు చిన్న స్థలం, పునాది, మరుగుదొడ్డి, నీళ్లు, కరెంటు ఏర్పాటు చేసి, మిగతాది వాళ్ల చేతికే వదిలారు. డబ్బు ఆడినప్పుడు ఓ గది, ఇంకొన్నాళ్లకు మేడ మెట్లు. నమూనాకు ఓ 80 ఇళ్లు మాత్రం కట్టి చూపించారు. పెద్ద ప్లాట్లు, దుకాణాల స్థలాలు అమ్మగా మిగిలిన లాభాన్ని పేదల ప్లాట్లకు మళ్లించారు. ఈ లెక్క కూడా ఆర్కిటెక్ట్ పనిలో భాగమే.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇళ్ల ముందున్న అరుగు. లోపల ఒకటే గది ఉన్న ఇంటికి అరుగు రెండో గది. కూర తరగడం, హోంవర్కు, పక్కింటావిడతో కబుర్లు, అన్నీ అక్కడే. కుట్టుమిషను వేసుకుంటే బతుకుతెరువు కూడా. ప్లానులో అది ఒక్క సన్న గీత. ఖర్చు తగ్గించమనగానే ముందు చెరిపేసేదీ అలాంటి గీతలనే. అక్కడే ఆర్కిటెక్ట్ గట్టిగా నిలబడాలి.

దోషి గారికి 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆర్కిటెక్టులకు ప్రపంచంలో ఇచ్చే అతి పెద్ద గౌరవాల్లో అదొకటి. మన దేశంలో అది అందుకున్న మొదటివారు ఆయనే.

మన ఆసుపత్రుల్లో రోగితో వచ్చినవాళ్లు వరండాలో గుడ్డ పరుచుకుని పడుకోవడం మీరు చూసే ఉంటారు. వాళ్లూ ఆ ఆసుపత్రిని వాడుకునేవాళ్లే, కానీ చాలా ప్లానుల్లో వాళ్లకు చోటుండదు. ఈ సెలవుల్లో మీ ఊరి ఆసుపత్రికో బస్టాండుకో వెళ్లి ఓ గంట కూర్చోండి. నీడ ఎక్కడుంది, మంచినీళ్లు ఎంత దూరం, కర్ర పట్టుకుని నడిచే అవ్వ ఎన్ని మెట్లు ఎక్కాలి, చూసి బొమ్మ గీసి పంపండి. గీతలు వంకరగా వచ్చినా పర్వాలేదు.

ఇట్లు,
మీ తాతయ్య