293 గొప్పా, 272 గొప్పా?

1961లో న్యూజెర్సీలోని బాల్టస్‌రోల్ గోల్ఫ్ కోర్సులో జరిగిన యూఎస్ విమెన్స్ ఓపెన్‌ను మిక్కీ రైట్ గెలిచింది. నాలుగు రౌండ్లకు కలిపి ఆమె స్కోరు 293. ముప్పై ఐదేళ్ల తర్వాత, 1996లో, నార్త్ కరొలైనాలోని పైన్ నీడిల్స్‌లో స్వీడన్ అమ్మాయి అనికా సోరెన్‌స్టామ్ అదే టైటిల్‌ను 272తో ఎగరేసుకుపోయింది. గోల్ఫ్‌లో ఎంత తక్కువ షాట్లలో ముగిస్తే అంత గొప్ప. ఆ లెక్కన అనికా 21 షాట్లు మెరుగు, ఇక వాదించేదేముంది అనిపిస్తుంది. కానీ రెండో స్థానం వాళ్ల స్కోర్లు చూడండి. 1961లో 299, 1996లో 278. ఇద్దరూ సరిగ్గా ఆరేసి షాట్ల తేడాతోనే గెలిచారు.

మనలో చాలామందికి గోల్ఫ్ స్కోరు చదవడం వచ్చింది 2021 ఆగస్టులో, టోక్యో ఒలింపిక్స్ చివరి రౌండ్ నాడు. తెల్లవారుజామునే టీవీ పెట్టుకుని, పార్ అంటే ఏంటి (ఒక హోల్‌కి ఇంతని నిర్ణయించిన షాట్ల లెక్క), బర్డీ అంటే ఏంటి (పార్‌కన్నా ఒక షాట్ తక్కువ) అని ఫోన్లో వెతుక్కుంటూ అదితి అశోక్ ఆట చూశాం. ఒక్క షాట్ తేడాతో పతకం పోయి నాలుగో స్థానం దక్కింది. ఆ ఒక్క షాట్ విలువ తెలిసినవాళ్లకి ఆరు షాట్లంటే ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ముందు ఆ 21 షాట్ల సంగతి. బాల్టస్‌రోల్‌లో 18 హోల్స్ రౌండ్‌కి పార్ 72, పైన్ నీడిల్స్‌లో 70. కోర్సులే వేరు. రైట్ కాలంలో డ్రైవర్ (దూరపు షాట్లకి వాడే గోల్ఫ్ కర్ర) తలని పర్సిమన్ అనే చెక్కతో చేసేవారు. మన బీడీ ఆకులిచ్చే తునికి చెట్టుకి అది దగ్గరి చుట్టం. బంతి లోపల రబ్బరు దారం చుట్టి, పైన మెత్తటి తొడుగు వేసేవారు. సరిగ్గా నడిమధ్యలో తగలకపోతే దూరమూ పోయేది, దిశా పోయేది. అనికా నాటికి డ్రైవర్ల తలలు లోహానివి, లోపల గుల్లవి. కాస్త పక్కకి తగిలినా కనికరిస్తాయి. అన్నిటికీ మించి, 1961లో చివరి రెండు రౌండ్లూ ఒకే రోజు ఆడాలి. రెండో రౌండ్‌లో 80 కొట్టి వెనకబడిన రైట్, ఆ చివరి రోజున 36 హోల్స్ నడిచి 69, 72 కొట్టింది. ఆ రోజు ఆమె కాళ్లు ఏ స్థితిలో ఉన్నాయో 293 అనే అంకె చెప్పదు.

ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) రాసినవాళ్లకి ఈ చిక్కు కొత్తది కాదు. పరీక్ష చాలా సెషన్లలో జరుగుతుంది, ఒక సెషన్ పేపర్ కష్టంగా వస్తుంది, ఇంకోటి తేలిగ్గా వస్తుంది. అందుకే మార్కుల్ని ఉన్నవి ఉన్నట్టు పోల్చకుండా నార్మలైజ్ చేస్తారు. మన సెషన్‌లో రాసినవాళ్ల సగటు ఎంత, మార్కులు ఆ సగటుకి అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయి, అందులో మనం ఎక్కడున్నాం అన్నది చూస్తారు. వేర్వేరు కాలాల ఆటగాళ్లని పోల్చడానికీ గణాంకవేత్తలు వాడేది ఇలాంటి ఉపాయమే. ఒక టోర్నీలో సగటు స్కోరు 76, చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) 3 అనుకుందాం. అందులో 70 కొట్టినామె సగటుకి రెండు చెదుర్ల దూరంలో ఉంది. ఇంకో కాలంలో సగటు 72, చెదురు ఒకటిన్నర అనుకుంటే, అక్కడ 69 కొట్టినామె కూడా సరిగ్గా అంతే దూరంలో ఉంది. చెక్క డ్రైవరా, టైటానియం డ్రైవరా అన్న గొడవ ఇందులో చాలావరకు కొట్టుకుపోతుంది. ఎందుకంటే ఏ కాలంలోనైనా అందరి చేతుల్లోనూ ఉన్నవి అవే.

అయితే ఇక్కడే అసలు మెలిక ఉంది. ఎంసెట్‌లో ఏ సెషన్‌లోనైనా వేలమంది రాస్తారు, రెండు సెషన్ల పిల్లలూ ఇంచుమించు ఒకే స్థాయి అని నమ్మొచ్చు. గోల్ఫ్‌లో అలా నమ్మడానికి వీల్లేదు. ఎల్‌పీజీఏ అనే మహిళల సంఘాన్ని 1950లో స్థాపించింది మొత్తం పదముగ్గురు. టోర్నీలో చోటు దక్కాలంటే ముందు క్లబ్బు గేటు దాటగలగాలి. టెన్నిస్‌లో రెండుసార్లు వింబుల్డన్ గెలిచిన ఆల్థియా గిబ్సన్ 1964లో ఈ సంఘంలో చేరిన మొదటి నల్లజాతి మహిళ. ఆ తర్వాత కూడా కొన్ని క్లబ్బులు ఆమెని లోపలి గదుల్లోకి రానివ్వలేదు. ఎందరు రైట్‌తో పోటీపడే అవకాశమే లేకుండా బయట ఆగిపోయారో ఏ స్కోర్‌బోర్డు మీదా ఉండదు.

పోటీదారులు తక్కువగా ఉండి, వాళ్ల నైపుణ్యంలో హెచ్చుతగ్గులు ఎక్కువైతే, అందరికన్నా మెరుగైన మనిషి చాలా ఎత్తులో కనిపిస్తుంది. ఆట ముదిరి, వేలమంది పిల్లలు చిన్నప్పుడే కోచింగ్‌లో చేరి, పైస్థాయిలో అందరూ దాదాపు సమానమయ్యేసరికి ఆ ఎత్తు తగ్గుతుంది. బేస్‌బాల్‌లో ఒకప్పుడు కనిపించిన 0.400 బ్యాటింగ్ సగటు (పదిసార్లలో నాలుగు హిట్లు) తర్వాత ఎందుకు కనుమరుగైందో శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ ఇలాగే వివరించాడు. ఆటగాళ్లు చెడిపోయి కాదు, అందరూ మెరుగై. శిఖరం కుంగలేదు, చుట్టూ నేల పైకి లేచింది.

అందుకే రైట్ 1961 నుంచి 1964 వరకు నాలుగేళ్లలో గెలిచిన 44 టైటిళ్లని (ఒక్క 1963లోనే 13) నేను నమస్కారం పెట్టి, కొంచెం తగ్గించి చదువుతాను. ఎంత తగ్గించాలో చెప్పే సూత్రం మాత్రం నా దగ్గర లేదు. ఎవరినైనా మెచ్చుకోవడంలో మహా పిసినారి అయిన గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్, తాను చూసిన స్వింగుల్లో (కర్ర ఊపే తీరుల్లో) ఆమెదే అత్యుత్తమం అన్నాడు. ఫీల్డ్, అంటే పోటీదారుల గుంపు, పలచబడిందని స్వింగు అందం తగ్గిపోదు కదా.

మేజర్లు (అన్నిటికన్నా పెద్దవిగా లెక్కించే టోర్నీలు) లెక్కపెడదాం అంటారు కొందరు. అది ఇంకా గందరగోళం. జాబితాలో అందరికన్నా పైన 15 మేజర్లతో ప్యాటీ బర్గ్ ఉంటుంది. అందులో కొన్ని, ఎల్‌పీజీఏ పుట్టకముందే 1930లలో గెలిచినవి. వాటిని తర్వాత మేజర్లుగా లెక్కలో చేర్చారు. ఏడాదికి ఎన్ని మేజర్లన్నదీ స్థిరంగా లేదు. 1968 నుంచి 1971 వరకు రెండే, ఇప్పుడు ఐదు. 88 టైటిళ్లతో అమెరికా ప్రధాన టూర్లలో ఆడామగా ఎవరూ చేరుకోని చోట నిలిచిన క్యాథీ విట్‌వర్త్‌కి మేజర్లు ఆరే. ఆమె మంచి ఊపులో ఉన్న ఏళ్లు, మేజర్లకి కరువొచ్చిన ఏళ్లు ఒకటే కావడం ఆమె దురదృష్టం. డబ్బు లెక్క అయితే పట్టించుకోనే అక్కర్లేదు. కెరీర్ మొత్తంలో పది లక్షల డాలర్లు దాటిన మొదటి మహిళ కావడానికి విట్‌వర్త్‌కి 1981 వరకు పట్టింది. 2024లో యూఎస్ విమెన్స్ ఓపెన్ గెలిచినామెకి ఒక్క వారంలో 24 లక్షల డాలర్లు వచ్చాయి.

నాకు బాగా నచ్చిన పద్ధతి గొలుసు పద్ధతి. రైట్‌తో విట్‌వర్త్ ఆడింది. విట్‌వర్త్ చివరి రోజుల్లో జూలీ ఇంక్‌స్టర్ వచ్చింది. ఇంక్‌స్టర్ అనికాతో తలపడి, యాభై దాటాక కూడా ఇప్పటి స్టార్ లిడియా కో తరంతో ఆడింది. ఇలా ఒక తరాన్ని ఇంకో తరానికి ముడివేస్తూ పోతే, ఎన్నడూ ఎదురుపడని ఇద్దరినీ ఒకే కొలబద్ద మీద పెట్టొచ్చు. 1999లో ముగ్గురు గణాంకవేత్తలు మగవాళ్ల గోల్ఫ్‌కి, హాకీకి, బేస్‌బాల్‌కి దీన్ని వాడారు. చిక్కల్లా వయసుతోనే. యాభై ఏళ్ల ఇంక్‌స్టర్ ఓడిందంటే కొత్త తరం మెరుగనా, ఆమె నడుము అలిసిందనా? అందుకని వయసు ప్రభావాన్ని విడిగా అంచనా వేసి తీసేయాలి.

ఏ గొలుసుకీ అందని ఒక గెలుపు కూడా ఉంది. 1953లో పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయిన బేబ్ జహారియస్, మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లో యూఎస్ విమెన్స్ ఓపెన్‌ను 12 షాట్ల తేడాతో గెలిచింది. ఫీల్డ్ పలచన అని దాన్ని తగ్గించడానికి నాకు చెయ్యి రాదు. లెక్క ప్రకారం తగ్గించాలి, నిజమే.

ఇక అనికా. 2001 మార్చిలో ఫీనిక్స్‌లోని మూన్ వ్యాలీ కోర్సులో రెండో రౌండ్‌కి దిగి, మొదటి ఎనిమిది హోల్స్‌లో ఎనిమిది బర్డీలు కొట్టింది. మొత్తం పదమూడు బర్డీలు, ఒక్క బోగీ (పార్‌కన్నా ఒక షాట్ ఎక్కువ) లేదు, స్కోరు 59. ఎల్‌పీజీఏలో అంతకుముందు ఏ మహిళా 60 లోపల ముగించలేదు. అలాంటి రౌండ్ ఆడిన మనిషి ఆ టోర్నీలో రైట్ లాగా ఆరు షాట్లతోనో, బేబ్ లాగా పన్నెండుతోనో గెలిచి ఉండాలి. పార్‌కి 27 తక్కువతో ముగించినా ఆమె గెలిచింది రెండే రెండు షాట్లతో. వెనకాలే 25 తక్కువతో కాచుకుని ఉన్నది దక్షిణ కొరియా అమ్మాయి సెరి పాక్. ఆ 2001 నాటికే, సెరి 1998లో బూట్లూ సాక్సూ విప్పి నీళ్లలో దిగి షాట్ కొట్టడం టీవీలో చూసిన కొరియా ఆడపిల్లలు గోల్ఫ్ కర్రలు చేతపట్టి ప్రాక్టీసు మొదలుపెట్టారు.