పూలు చూస్తే ఏడుపెందుకు?

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్న ఒక అనంతపురం అమ్మాయి అడిగింది: "మేం విడిపోయి రెండేళ్లు దాటిందండీ. ఫోన్‌లో మెసేజ్ శబ్దం వింటే ఇప్పుడేమీ అనిపించదు. కానీ కబ్బన్ పార్కులో టబెబూయా చెట్లు గులాబీరంగు పూలు పూస్తే చాలు, ఏడుపు ఆగదు. ఎందుకిలా?"

జవాబు కోతుల దగ్గర ఉంది. స్విట్జర్లాండ్‌లో వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాల సంకేతాలను కొలిచారు. దీపం వెలుగుతుంది, కాసేపటికి కోతి నోట్లో పళ్లరసం చుక్కలు పడతాయి. మొదట్లో రసం పడగానే కణాలు చురుగ్గా పలికేవి. అలవాటయ్యాక రసానికి మామూలుగానే ఉండి, దీపానికే పలకసాగాయి. అప్పుడు దీపం వెలిగించి రసం ఇవ్వకుండా చూశారు. మామూలుగా సెకనుకు మూడు నుంచి ఐదుసార్లు పలికే కణం, సరిగ్గా రసం పడాల్సిన క్షణంలో మూగబోయింది! ఆశించినదానికీ దక్కినదానికీ ఉన్న తేడాను ఈ కణాలు లెక్కగడుతున్నాయని 1997లో షుల్ట్స్, డయాన్, మాంటేగ్ వివరించారు. ఇంటర్ పిల్లల చేత మెదడు భాగాల పేర్లు బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క ప్రయోగం చెబితే ఎంత బాగుండు!

ఇది మనుషుల ప్రేమకూ వర్తిస్తుందా? 2010లో ప్రేమ మీద పరిశోధనలు చేసిన హెలెన్ ఫిషర్ బృందం, ప్రేమించినవాళ్లు వదిలేసిన 15 మందికి ఆ మనిషి ఫొటో చూపిస్తూ మెదడు స్కాన్ చేసింది. డోపమైన్ కణాలుండే వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా అనే మెదడు భాగం చురుగ్గా కనిపించింది.

ఈ అమ్మాయికి మెసేజ్ శబ్దం, పూలు ఆ దీపం లాంటివి, అతను పళ్లరసం లాంటివాడు. కణం మూగబోయిన ప్రతిసారీ మెదడు తన అంచనాను కాస్త దించుకుంటుంది. మెసేజ్ శబ్దం రోజంతా వస్తూనే ఉంటుంది. చూస్తే అమ్మో, బ్యాంకో, ఆఫీసు గ్రూపో. అన్నిసార్లు ఆశ తప్పాక ఇక ఆశించడానికేం మిగలదు. టబెబూయా పూత ఏడాదిలో కొద్ది వారాలే. ఆ పూల విషయంలో మెదడుకు ఆశ తప్పిన సందర్భాలు బాగా తక్కువ, అందుకే ప్రేమలో ఉన్నప్పటి అంచనా ఇంకా దించుకోలేదని నాకు తోస్తోంది. దూరమైనవాళ్లను కలుపుతామని వశీకరణం ప్రకటనలిచ్చేవాళ్లు ఈ బాధ మీదే డబ్బు గుంజుతారు. చూస్తే కడుపు మండుతుంది.

మరి పూలు పూసే రోజుల్లో సెలవు పెట్టి ఊరెళ్లిపోతే? అక్కడ హాయిగానే ఉంటుంది. కానీ ఆశ చల్లారినా పాత జ్ఞాపకం చెరిగిపోదు, దాని పక్కన కొత్త పాఠం చేరుతుందంతే. ఆ కొత్త పాఠం నేర్చుకున్న చోటికే ఎక్కువగా కట్టుబడి ఉంటుందని మార్క్ బౌటన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. అనంతపురంలో కుదుటపడిన మనసు కబ్బన్ పార్కు గేటు దాటగానే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి పూత ఉన్నన్నాళ్లూ స్నేహితులను వెంటేసుకుని అక్కడికే వెళ్లమ్మా, ఏడుపొస్తే రానీ.

అతనికి మెసేజ్ మాత్రం పెట్టొద్దు. పదిసార్లకు ఒక్కసారి జవాబొచ్చినా చిక్కే. ముక్కుతో మీట నొక్కితే గింజ దొరికే ప్రయోగాల్లో, ప్రతిసారీ దొరికిన గింజ ఆగిపోతే పావురం త్వరగానే నొక్కడం మానేస్తుంది, ఎప్పుడో ఒకసారి దొరుకుతూ వచ్చిన గింజ ఆగిపోతే మాత్రం చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది.