ఆముదం తాగే బుల్లి ఇంజను

మొన్న కనుమ రోజు కళ్ళంలో రిమోటుతో నడిచే నా బొమ్మ ట్రక్కు దింపి, ఇంజను స్టార్టు చేసే తాడు లాగుతుంటే మా మేనమామ కొడుకు పక్కన చతికిలబడి "బావా, దీంట్లో బంకు పెట్రోలు పోసి కాస్త టూటీ ఆయిల్ కలిపేస్తే సరిపోద్ది కదా, ఆ నైట్రో ఇంధనం డబ్బాకి అంత డబ్బెందుకు తగలేత్తావు" అన్నాడు. లూనా మీద పెరిగినోళ్ళకి ఎవరికైనా వచ్చే అనుమానమే అది. ఈ నైట్రో ఆర్సీ (అంటే రిమోటు) ట్రక్కు ఇంజను కూడా టూ స్ట్రోకే, వాల్వుల్లేవు, అడుగున ఆయిల్ చాంబరు లేదు, మా దాంట్లోది 3.3 సీసీ అంటే లూనా ఇంజనులో పదిహేనో వంతు, చూడ్డానికి దాని మనవడిలా ఉంటది. కాకపోతే మనవడు నిమిషానికి 30 వేల చుట్లకి అటూఇటూగా తిరుగుతాడు.

పెట్రోలు ఎందుకు పనికిరాదంటే, అసలు దీనికి స్పార్కు లేదు. కాయిలు లేదు, మాగ్నెటో లేదు. ప్లగ్గు విప్పి చూస్తే లోపల వెంట్రుకంత సన్నటి ప్లాటినం తీగ చుట్ట ఉంటది, అంతే. స్టార్టింగులో 1.5 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే తీగ ఎర్రగా కాలుద్ది, ఇంజను అందుకోగానే బ్యాటరీ పీకేస్తాం, తర్వాత ఆ తీగ తనంతట తనే ఎర్రగా ఉండిపోద్ది. ఇదేదో మాయలా అనిపిస్తది గానీ 1817 లోనే హంఫ్రీ డేవీ అనే ఆయన వేడి ప్లాటినం తీగని బొగ్గు గ్యాసు, గాలి కలిసినచోట పెడితే మంట లేకుండానే ఎర్రబడి నిలబడ్డం చూశాడు. మన ఇంజన్లో ఆ పని మెథనాల్ అనే ఒక రకం ఆల్కహాలు ఆవిరి చేస్తది, ప్లాటినం మీద అది ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తది, పైగా పిస్టన్ నొక్కుడు వేడి, ముందు చుట్టులో మండిన వేడి తోడవుతాయి. పెట్రోలు ఆవిరి ఈ తీగని అలా నిలబెట్టలేదు, కాబట్టి బావమరిది ప్లాను అక్కడితో సరి.

డబ్బాలో ఉండేది ఎక్కువ భాగం మెథనాల్, 20 శాతం దాకా నైట్రోమీథేన్, మిగతాది ఆయిలు. పేరంతా నైట్రోదే గానీ అసలు ఇంధనం మెథనాలే. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, కిలో మెథనాల్‌కి 6.4 కిలోలు చాలు, నైట్రోమీథేన్‌కైతే 1.7 కిలోలే, ఎందుకంటే అది తన ఆక్సిజన్ తన అణువులోనే మోసుకొస్తది. అంటే అదే గాలిలో ఎక్కువ ఇంధనం తగలబెట్టొచ్చు, బుల్లి ఇంజనుకి అంత బలం అక్కణ్ణుంచే.

ఇక ఆయిలు. దాంట్లో సింథటిక్‌తో పాటు చాలా బ్రాండ్లలో ఆముదం ఉంటది, అవునండీ, మా మామ్మ మాడుకి పెట్టిన ఆముదమే! మామూలు ఆయిళ్ళు వేడికి పలచబడి జారిపోయేచోట కూడా ఆముదం లోహాన్ని పట్టుకుని ఉంటది, అందుకే మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల ఇంజన్లలో అదే పోసేవాళ్ళు, కాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న కాస్టర్ అనే మాటనించే పుట్టింది. ట్రక్కు ఒక రౌండు వేసొచ్చాక ఆ పొగ వాసన చొక్కాకి పట్టేసి మర్నాటి దాకా వదలదు, మా ఆవిడ నన్ను వీధరుగు మీదే ఆపేస్తది.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఇంజనుకి ఆయిలు వచ్చే దారి ఒక్కటే, ఇంధనంతో పాటు. పైగా మెథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే దాదాపు మూడు రెట్ల వేడి లాక్కుంటది, కాబట్టి చల్లబరిచేది కూడా ఇంధనమే. కార్బొరేటర్ మీద ఇంధనం ఎంత వెళ్ళాలో సర్దే స్క్రూ ఉంటది, దాన్ని నీడిల్ అంటాం, దాన్ని కుడికి తిప్పి బిగిస్తే మిక్చర్ లీన్ అవుద్ది, అంటే ఇంధనం, చల్లదనం, ఆయిలు మూడూ ఒకేసారి తగ్గుతాయన్న మాట. కానీ లీన్ చేసేకొద్దీ గొంతు బ్రహ్మాండంగా లేస్తది, స్పీడు పెరుగుద్ది, చుట్టూ ఉన్న పిల్లలు కేకలేస్తారు, ఇంజను అన్నిటికంటే బాగా పాడేది చచ్చిపోయే ముందే. నాకీ సంగతి మొదటి పిస్టన్ పోయాక గానీ తెలీలేదు.

రోహిణి కార్తెలో కాలవలు కట్టేశాక ఎండిన కాలవలో దింపి, అమలాపురం ఎండకి నీడిల్ సెట్ చేసుకున్నా, చక్కగా నడిచింది. అదే సెట్టింగుతో సంక్రాంతి పొద్దున్నే మంచులో బయటికి తీశా. ఏం గొంతండీ అది! రెండో ట్యాంకు సగంలో గొంతు ఉన్నట్టుండి ముక్కుతున్నట్టయి ఆగిపోయింది, విప్పితే పిస్టన్ పక్కన నిలువునా గీతలు.

లెక్క వేస్తే తప్పెక్కడో తెలిసింది. 40 డిగ్రీల గాలి కంటే 18 డిగ్రీల గాలి దాదాపు ఏడున్నర శాతం చిక్కగా ఉంటది. దానికి తోడు మన డెల్టాలో వేసవి గాలి నిండా నీటి ఆవిరే, నీటి అణువు బరువు 18 అయితే గాలి సగటు 29, పైగా ఆవిరి దూరిన మేర ఆక్సిజన్‌కి చోటు తగ్గుద్ది. చెమట కారే గాలి బరువుగా అనిపిస్తది గానీ నిజానికి తేలిక. అంటే మే నెలలో నేను పల్చటి గాలికి తగ్గట్టు ఇంధనం తగ్గించుకున్నా, జనవరి పొద్దున గాలి చిక్కబడింది గానీ నీడిల్ ఎక్కడున్నది అక్కడే ఉంది. ఎక్కడో పొడి ఊళ్ళో వీడియో తీసినోడు చెప్పిన నీడిల్ చుట్ల లెక్క కూడా ఇక్కడ అందుకే అతకదు.

అప్పట్నించి నా పద్ధతి ఇదీ. ఇంజను బాగా వేడెక్కేదాకా నీడిల్ ముట్టుకోను. ముందు ఫుల్ స్పీడుకి పనిచేసే హై నీడిల్, దాని తర్వాతే తక్కువ స్పీడుకి పనిచేసే లో నీడిల్, ఎందుకంటే హైది కదిపితే కింద స్పీడు మిక్చర్ కూడా మారుద్ది. గడియారంలో గంటల ముల్లు ఒక గంటలో జరిగినంత, అంతకి మించి ఒకేసారి తిప్పను, తిప్పాక ఓ రెండు రౌండ్లు పరిగెత్తిస్తా. ఫుల్ థ్రాటిల్‌లో నీలంగా సన్నటి పొగ తోక కనబడాల్సిందే, పొగ మాయమైతే వెంటనే నీడిల్ ఎడమకి. మరీ రిచ్ అయితే, అంటే ఇంధనం ఎక్కువైతే, గొంతు బొబబొబమంటది, సైలెన్సర్లోంచి నూనె కారుద్ది, చికాకే గానీ ఇంజను చావదు. లో నీడిల్‌కి కార్బొరేటర్ దగ్గర ఇంధనం పైపు వేళ్ళతో నొక్కి పట్టుకుంటా, రెండు మూడు సెకన్లు గడిచాక స్పీడు కాస్త పెరిగి ఆగితే సరిగ్గా ఉన్నట్టు, నొక్కగానే ఆగితే లీన్, ఎంతకీ ఆగకపోతే రిచ్. థ్రాటిల్ వదిలినా స్పీడు దిగకుండా వేలాడుతుంటే నీడిల్ జోలికి పోకుండా ముందు పైపులు చూడండి, ఎక్కడో గాలి లాగుతుంటది.

ఇంజను హెడ్డు వేడి 95 నించి 130 డిగ్రీల మధ్య ఉండాలి. కరోనా టైములో కొన్న నుదుటి గన్ను పెడితే అది జ్వరం దాటిన వేడి చూపించదు, నేను పెట్టి చూసి నవ్వులపాలయ్యాను. ఒక్క చుక్క నీళ్ళు వేస్తే చాలు, నాలుగైదు సెకన్లలో చిటపటలాడి ఎగిరిపోవాలి, పడీపడగానే తుళ్ళిపోతే మితిమీరింది.

పిస్టన్‌కి రింగుల్లేవు. అల్యూమినియం పిస్టన్, అది ఆడే క్రోమ్ పూసిన ఇత్తడి గొట్టం (స్లీవు), ఆ స్లీవు పైకెళ్ళేకొద్దీ కొంచెం ఇరుకు. చల్లగా ఉంటే పైన పిస్టన్ బిగుసుకుంటది, నడుస్తుంటే పైభాగమే ఎక్కువ వేడెక్కి ఇత్తడి సాగి సరిపడా అవుద్ది. కొత్త ఇంజను తాడు రావట్లేదని బలంగా గుంజకండి, హెయిర్ డ్రయర్‌తో హెడ్డు వెచ్చచేసి లాగండి. లంకల్లో ఇసుకలో తిప్పేవాళ్ళయితే ఫోము ఫిల్టరుకి ఆయిలు పట్టించకుండా దింపొద్దు, ఒక్క ఇసుక రేణువు చాలు ఆ ఇరుకులో గీత పెట్టడానికి.

మెథనాల్ తాగితే కళ్ళు పోతాయి, ప్రాణమే పోవచ్చు, కల్తీ సారా చావుల్లో చాలావరకు దీని పుణ్యమే, కాబట్టి డబ్బా పిల్లలకి అందకూడదు. పట్టపగలు దాని మంట కూడా కనబడదు. అది గాలిలో తేమ కూడా పీల్చుకుంటది, శ్రావణ మాసంలో మూత వదులుగా ఉంచిన డబ్బాతో నేను ప్లగ్గులు మార్చీ మార్చీ విసిగిపోయా, చివరికి తప్పు డబ్బాదని తేలింది.

అలాగే ఆట అయ్యాక ట్యాంకులో మిగిలింది పారబోసి, పైపులో ఉన్నది కూడా మండిపోయేదాకా నడిపి ఆపుతా. లోపల ఉండిపోయిన నైట్రో శేషాలు, మెథనాల్ లాక్కొచ్చిన తేమ కలిస్తే బేరింగులకి తుప్పే, అంతర్వేది వైపు కిటికీ ఊచలు చూసినోళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ప్లగ్గు విప్పి నాలుగు చుక్కల ఆయిలు వేసి పదిసార్లు తిప్పి, పిస్టన్‌ని అడుగుకి దించి ఉంచాలి, పైన వదిలేస్తే చల్లారాక స్లీవు దాన్ని కరుచుకుంటది. అడుగున ఎప్పుడుందో బయటికి కనబడదు కదా, అందుకే ఫ్లైవీలు మీద మార్కర్‌తో ఒక చుక్క పెట్టా. ఈ కనుమకి ఆ చుక్క కిందకి తిప్పే పని మా బావమరిదికే అప్పజెప్పా.