తీగలో దాగిన త్రాసు

కార్డులో ఉన్న వీడియో ఒక్కటే అయినప్పుడు, క్యామ్‌కార్డరును పసుపు రంగు ప్లగ్గుతో టీవీకి కలిపితే బొమ్మ అలుక్కుపోయినట్టుగానూ, హెచ్‌డీఎంఐ కేబులుతో కలిపితే వెంట్రుకలు సైతం లెక్కపెట్టగలిగేంత స్పష్టంగానూ ఎందుకు ఉంటుందని ఒక పాఠకుడు అడిగారు. ఇది చాలా మంచి ప్రశ్న. మైకు, హెడ్‌ఫోను పోర్టుల పని వాటి మీది గుర్తులే చెబుతాయి కనుక వాటిని వదిలిపెట్టి, బొమ్మ బయటికి వెళ్లే దారుల గురించే రాస్తాను. అసలు సంగతి ఏమిటంటే, ఈ పోర్టులన్నీ పంపేది ఒకే వస్తువును కాదు.

యూఎస్‌బీ పోర్టు బొమ్మను పంపదు, ఫైలును పంపుతుంది. క్యామ్‌కార్డర్లు వీడియోను కుదించి రాసే ఏవీసీహెచ్‌డీ పద్ధతికి 2011లో చేసిన సవరణ ప్రకారం, సెకనుకు 50 లేదా 60 పూర్తి ఫ్రేములతో తీసిన 1080పీ (1080 అడ్డ వరుసల) వీడియోను గరిష్ఠంగా సెకనుకు 28 మెగాబిట్లకు కుదించి కార్డు మీద రాస్తారు. ఆ లెక్కన గంట వీడియో 12.6 గిగాబైట్లు అవుతుంది. టేపుల కాలంలో, 1995లో ప్రమాణంగా వెలువడిన ఫైర్‌వైర్ కేబులు సెకనుకు 25 మెగాబిట్ల డీవీ (డిజిటల్ టేపు) వీడియోను టేపు తిరిగే వేగంతోనే పంపేది కనుక, గంట టేపును కంప్యూటరులోకి ఎక్కించడానికి గంట సేపు కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు దాదాపు అంతే సమాచారాన్ని, సెకనుకు 30 మెగాబైట్లు అందించే యూఎస్‌బీ 2.0 కేబులు ఏడు నిమిషాల్లో చేరవేస్తుంది. మూట కట్టినది కట్టినట్టే వెళుతుంది. విప్పుకునే బాధ్యత కంప్యూటరుది.

పసుపు ప్లగ్గు కథ వేరు. అప్పటికే ఇళ్లలో ఉన్న నలుపు తెలుపు టీవీలు కొత్త రంగుల ప్రసారాన్ని కూడా చూపగలగాలన్న పట్టుదలతో రూపొందించి, 1953లో అమెరికాలో ఆమోదించిన ఉపాయానికి అది వారసురాలు. ఒకే తీగలో వెలుగునీడల సంకేతం నడుస్తుండగా, దాని మీద 3.58 మెగాహెర్ట్జ్ తరంగాన్ని, మన దేశపు టీవీల పాల్ పద్ధతిలోనైతే 4.43 మెగాహెర్ట్జ్ తరంగాన్ని ఎక్కించి, రంగుల సమాచారాన్ని దానితో మోయిస్తారు. టీవీ ఈ రెండింటినీ మళ్లీ విడదీయాలి, కానీ ఒకసారి కలిసినవి పూర్తిగా విడివడవు. సన్నని చారల చొక్కా వేసుకున్న మనిషి తెర మీదికి వస్తే, ఆ చారల వెలుగునీడలు కూడా దాదాపు అదే పౌనఃపున్యంలో ఊగుతాయి కనుక, టీవీ వాటిని రంగుగా భ్రమపడి చొక్కా నిండా ఇంద్రధనుస్సులు పూయిస్తుంది. పైగా 1080 వరుసల బొమ్మను 480 లేదా 576 వరుసలకు కుదించాకే ఈ దారిన పంపుతారు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు ప్లగ్గుల కాంపోనెంట్ కేబులు వెలుగునీడలనూ రంగులనూ వేర్వేరు తీగల్లో పంపి ఈ కలగాపులగాన్ని తప్పిస్తుంది. దానిలో ఆకుపచ్చ ప్లగ్గు మోసేది ఆకుపచ్చ రంగును కాదు, వెలుగునీడలను. అదొక్కటే తగిలిస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో పూర్తి వివరాలతో కనిపిస్తుంది.

హెచ్‌డీఎంఐ దగ్గరికి వచ్చేసరికి క్యామ్‌కార్డర్ తానే మూట విప్పి, ప్రతి పిక్సెలునూ అంకెలుగా పంపుతుంది. కంటికి కనిపించేవి 1920 నిలువు వరుసలు, 1080 అడ్డ వరుసలే అయినా, శబ్దం వంటివి పంపడానికి వాడుకునే ఖాళీలను కూడా కలిపితే ఒక్కో ఫ్రేము 2200 పిక్సెళ్ల వెడల్పు, 1125 వరుసల ఎత్తు గలది అవుతుంది. సెకనుకు 60 ఫ్రేముల చొప్పున 14 కోట్ల 85 లక్షల పిక్సెళ్లు, మూడు తీగల జతల్లో ఒక్కో పిక్సెలుకు పదేసి బిట్లు, మొత్తం సెకనుకు 4.455 గిగాబిట్లు. కార్డు నుంచి వచ్చిన 28 మెగాబిట్లు ఇక్కడ దాదాపు 160 రెట్లు పెరిగాయన్నమాట. ఒక్కో జతలో ఒక్కో బిట్టుకు దక్కే సమయం 0.67 నానోసెకను. ఒకటిన్నర మీటరు కేబులులో, మొదటి బిట్టు టీవీని చేరేలోపే వెనుక మరో పది బిట్లు బారులు తీరి ప్రయాణిస్తుంటాయి.

ఇంత వేగంలో, అర వోల్టు ఊగిసలాటతో నడిచే సంకేతం చుట్టుపక్కల విద్యుత్ అలజడికి చెడిపోకుండా ఎలా చేరుతుందన్నదే నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం. దానికి జవాబు త్రాసులో ఉంది. ప్రతి జతలోని రెండు తీగలను త్రాసుకున్న రెండు పళ్లేలుగా భావించండి. మొదటి పళ్లెం పైన ఉంటే 1, రెండవది పైన ఉంటే 0. ఈ త్రాసును కదిలే బండి మీద పెడితే కుదుపుకు రెండు పళ్లేలూ కలిసి ఎగురుతాయి, కలిసి దిగుతాయి. ఏది పైన ఉందన్న తీర్పు మాత్రం మారదు. పక్కపక్కనే ఉన్న రెండు తీగల మీదా అలజడి దాదాపు సమానంగానే పడుతుంది కనుక, వాటి తేడాను మాత్రమే చూసే టీవీకి అది కనిపించదు. తేడా సంకేతాలను పాఠాల్లో సూత్రాలతో మొదలుపెట్టి చెప్పేకంటే ఒక త్రాసును ఊపి చూపితే విద్యార్థికి జీవితాంతం గుర్తుంటుందని నా గట్టి నమ్మకం.

త్రాసు పని ఇంకా ఉంది. పళ్లేలు మాటిమాటికీ పైకీ కిందికీ మారితే తీగ చుట్టూ రేడియో తరంగాలు ఎక్కువగా వెలువడతాయి కనుక ఆ మార్పులను తగ్గించాలి. పిక్సెలు విలువలోని ఎనిమిది బిట్లు 01010101 అనుకుందాం. ఇందులో ఏడు మార్పులున్నాయి. మొదటి బిట్టును అలాగే ఉంచి, ఆపైన అప్పటికి రాసిన చివరి బిట్టును తర్వాత రావలసిన అసలు బిట్టుతో పోల్చి, రెండూ ఒకటే అయితే 1, వేరైతే 0 రాస్తూ పోతే 00110011 వస్తుంది. మార్పులు మూడుకు తగ్గాయి. కొన్ని విలువలకు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన నియమం బాగా పనిచేస్తుంది. ఏది వాడారో తొమ్మిదవ బిట్టు చెబుతుంది. ఇక వరుసగా 1లే ఎక్కువగా వెళితే త్రాసు ఒక వైపే ఒరిగి, 1కీ 0కీ మధ్య గీత ఎక్కడో పోల్చుకోవడం టీవీకి కష్టమవుతుంది. అందుకే క్యామ్‌కార్డర్ పంపిన 1లకూ 0లకూ నిరంతరం పద్దు రాసుకుంటూ, అవసరమైనప్పుడు ఎనిమిది బిట్లలోని 1లను 0లుగా, 0లను 1లుగా తిరగేసి, ఆ సంగతిని పదవ బిట్టులో చెబుతుంది. ఎనిమిది బిట్లు పదయ్యేది ఇందుకే.

బంగారు పూత పూసిన ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబులు వాడితే రంగులు చిక్కబడతాయన్న నమ్మకం ఎంత ప్రచారంలో ఉన్నా అది నిజం కాదు. ప్లగ్గు తుప్పు పట్టకుండా బంగారం కాపాడుతుంది, అంతే. ఈ దారిలో ఒక్క బిట్టు తప్పినా ఆ పిక్సెలు విలువే తారుమారవుతుంది కనుక, కేబులు బలహీనపడితే తెర మీద అక్కడక్కడా చుక్కలు మెరుస్తాయి, ఇంకా బలహీనపడితే బొమ్మే పోతుంది. రంగు కొద్దిగా వెలిసిపోవడమన్న మధ్య స్థితి ఉండదు. చుక్కలు లేవంటే ఆ కేబులు చేయగలిగినదంతా చేస్తున్నట్టే.

ప్లగ్గు పెట్టగానే తెర క్షణకాలం నల్లబడటాన్ని చూసి కంగారు పడనవసరం లేదు. క్యామ్‌కార్డర్ 5 వోల్టులు పంపి, టీవీ ఉన్నట్టు తెలుసుకొని, కనీసం 128 బైట్లుండే టీవీ పరిచయ పత్రాన్ని చదివి, తాను ఏ రూపంలో పంపాలో నిర్ణయించుకునే సమయం అది. సాధారణ, మినీ, మైక్రో అనే మూడు సైజుల్లోనూ ఉండేవి అవే 19 పిన్నులు కనుక బొమ్మలో తేడా ఉండదు. అయినా మైక్రో ప్లగ్గు కేబులు బరువుకే వంగిపోతుంది కనుక, పూర్తి సైజు సాకెట్టు ఉన్న క్యామ్‌కార్డరుకే నా ఓటు.

ఇక పాఠకుడు అడగని ఒక్క విషయం. కార్డులో ఉన్నదాన్ని ప్లే చేసినప్పుడు హెచ్‌డీఎంఐ ఎంత విశాలమైన దారి అయినా, కుదింపులో పోయిన వివరాలను తిరిగి తేలేదు. ఏవీసీహెచ్‌డీలో రంగు వివరాలను నిలువుగానూ అడ్డంగానూ సగానికి తగ్గించి రాస్తారు. కానీ షూటింగు జరుగుతుండగా అదే సాకెట్టు నుంచి, కుదింపుకు ముందున్న బొమ్మ బయటికి వస్తుంది. మేలురకం క్యామ్‌కార్డర్లు కొన్ని అప్పుడు రంగును అడ్డంగా మాత్రమే సగం చేసి, నిలువు వివరాలన్నీ ఉంచి పంపుతాయి. దాన్ని విడిగా ఒక రికార్డరులో పట్టుకోదలచినవారు, తెర మీద కనిపించే బ్యాటరీ గుర్తు, గడియారం వంటివి హెచ్‌డీఎంఐ దారిన వెళ్లకుండా మెనూలో ముందే ఆపేయాలి. లేకపోతే అవి కూడా బొమ్మతో పాటే రికార్డవుతాయి.