చేపల పడవకు రేసు పిచ్చి ఎలా పట్టింది?

డల్లాస్, హ్యూస్టన్ వైపు ఉండే మనవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. శనివారం తెల్లారకముందే రోడ్డెక్కిన పికప్ ట్రక్కు, దాని వెనక ట్రైలర్ మీద కొత్త కారులా తళతళలాడే పొడవాటి పడవ. అదే బ్యాస్ బోటు. బ్యాస్ అంటే మంచినీటి చేప, ఆఫీసు బాసుతో సంబంధం లేదు. గాలం వేసుకుని కూర్చునేవాడికి గంటకు 110 కిలోమీటర్ల వేగం దేనికని ఎవరికైనా అనుమానం వస్తుంది.

మొదట్లో ఆ వేగం లేదు. 1948లో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో హోమ్స్ థర్మండ్ ప్లైవుడ్‌తో ఒక పడవ కట్టాడు. సన్నటి ముక్కు, చదునైన అడుగు. పేరు స్కీటర్, అక్కడివాళ్ల వాడుకలో దోమ. లోతులేని నీళ్లలో, మునిగిన చెట్ల మోళ్ల మధ్యకు దూరడమే దాని పని. బ్యాస్ నక్కేది అలాంటి చోటే.

కథ మారింది 1967లో. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకునే రే స్కాట్ ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో 106 మందితో చేపల పోటీ పెట్టాడు. పోటీ అన్నాక గడువు ఉంటుంది, ఆలోగా చేపలతో తూకానికి రావాలి. దాంతో వేటకు ఓపిక ఎంత ముఖ్యమో ఇంజినూ అంత ముఖ్యమైంది. మరుసటి ఏడాదే ఆర్కన్సాలోని ఫ్లిప్పిన్‌లో ఫిషింగ్ గైడు ఫారెస్ట్ వుడ్ రేంజర్ పడవలు మొదలుపెట్టాడు. మొదటి ఏడాది కట్టినవి 6. పట్టిన చేపను బతికుండగానే వదిలేసే పద్ధతిని 1972లో స్కాట్ పోటీల్లోకి తెచ్చాక, పంపుతో గాలి అందించే నీళ్ల ట్యాంకు కూడా పడవలో చేరింది.

ఇప్పటి పడవ ఫైబర్‌గ్లాస్‌ది. లోపల దూలాల్లాంటి స్ట్రింగర్లు, ఖాళీల్లో పడవను తేల్చే ఫోమ్, వెనక గోడకు 200 కిలోలు దాటే ఇంజిన్. పాత పడవల్లో ఆ గోడ లోపల చెక్క ఉండేది, నీరు దిగితే కుళ్లేది. వేగం పెరిగాక అడుగున వెనకవైపు సన్నటి పట్టీ మాత్రమే నీటిని తాకుతుంది. అదుపు తప్పితే పడవ అటూ ఇటూ ఊగి మనిషిని విసిరేస్తుంది. అసలు భయం ఆ తర్వాతే. నడిపేవాడు లేని పడవ గుండ్రంగా తిరుగుతూ, పడ్డ మనిషి మీదికే ప్రొపెల్లర్‌తో వస్తుంది.

అందుకే కిల్ స్విచ్. ఒంటికి తగిలించుకున్న తాడు ఊడితే ఇంజిన్ ఆగిపోతుంది. స్కాట్ తన పోటీల్లో దీన్నీ, లైఫ్ జాకెట్‌నూ పట్టుబట్టి పెట్టించాడు. ప్రభుత్వం నడక మాత్రం నెమ్మది. 1971లో బోటు భద్రతా చట్టం వచ్చింది. ఎంత బరువు, ఎంత హార్స్‌పవర్ తట్టుకుంటుందో చెప్పే ప్లేటు, నీళ్లు నిండినా తేలే గుణం దాని కిందే తప్పనిసరయ్యాయి. అదీ 20 అడుగుల లోపు పడవలకే. పెద్ద బ్యాస్ బోట్లు ఆ గీత దాటే పెరిగాయి. కొనేవాళ్లు ఫోమ్ సంగతి ప్రత్యేకంగా అడగాల్సిందే.

వేగంగా వెళ్లేటప్పుడు ఆ తాడు తగిలించుకోవాలని 26 అడుగుల లోపు పడవలకు ఫెడరల్ నిబంధన వచ్చింది 2021 ఏప్రిల్ 1న. ఇప్పుడు వైర్‌లెస్ రకాలూ ఉన్నాయి, మనిషి నీళ్లలో పడగానే ఇంజిన్ ఆగుతుంది. తాడు అడ్డమొస్తోందనే సాకు కూడా పోయింది. లైఫ్ జాకెట్ ఉక్కపోత అనే సాకు మాత్రం ఇంకా నడుస్తోంది. అమెరికాలో పడవ ప్రమాదాల్లో ఏటా మునిగి చనిపోయేవాళ్లలో ఐదింట నాలుగు వంతులకు పైగా మందికి ఒంటి మీద అది ఉండటం లేదు.