కణితి కొలతకు అందని బాధ

కణితి ఎంత కుంచించుకుపోయిందో స్కాన్ చెబుతుంది, తెల్ల రక్తకణాలు ఎంత తగ్గాయో రక్తపరీక్ష చెబుతుంది. రాత్రంతా వికారంతో ఎందుకు నిద్ర పట్టలేదో, చొక్కా గుండీలు పెట్టుకోబోతే వేళ్లు ఎందుకు మొద్దుబారిపోతున్నాయో చెప్పే యంత్రం మాత్రం లేదు. అది రోగి నోటి నుంచే రావాలి. క్యాన్సర్ బాధలను తగ్గించే పరిశోధనలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. అది సాధించిన విజయాల్లో చాలా భాగం కూడా ఆ మాటను నమ్మదగిన కొలతగా మార్చుకోవడం వల్ల వచ్చినవే.

వాంతుల కథ ఇందుకు మంచి ఉదాహరణ. 1978లో అమెరికాలో అనుమతి పొందిన, క్యాన్సర్ కణాలను చంపే కీమోథెరపీ మందు సిస్‌ప్లాటిన్ వృషణ క్యాన్సర్ చికిత్స రూపురేఖలనే మార్చివేసింది. కాని వాంతులు రాకుండా ముందుగా మందులు ఇవ్వకపోతే, అది ఎక్కించుకున్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వాంతులు తప్పవు. ఈ మందు తాకిడికి చిన్నపేగు లోపలి పొరలోని కొన్ని కణాలు రసాయన సంకేతమైన సెరటోనిన్‌ను విడుదల చేస్తాయనీ, అది అక్కడి వేగస్ నాడి కొసలను ప్రేరేపించి మెదడులోని వాంతి కేంద్రానికి సంకేతం పంపుతుందనీ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ నాడి కొసల దగ్గర సెరటోనిన్‌కు అడ్డుపడే ఆన్‌డాన్‌సెట్రాన్‌కు 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే రెండోరోజు నుంచి మొదలయ్యే వాంతులకు వేరే రసాయన మార్గం ఉంది. దాన్ని అడ్డుకునే అప్రెపిటాంట్ 2003లో గాని అందుబాటులోకి రాలేదు.

ఇంత జరిగినా వికారం తగ్గవలసినంతగా తగ్గలేదు. వాంతి అయితే పక్కనున్న నర్సు లెక్కపెట్టగలదు. కడుపులో తిప్పుతున్న సంగతి రోగి చెబితే తప్ప ఎవరికీ తెలియదు. లెక్కకు అందే బాధకు మందు ముందు దొరకడం, లెక్కకు అందనిది వెనకబడటం యాదృచ్ఛికమని నేను అనుకోను. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధికి వాడే ఒలాంజపిన్‌ను ఈ మందులకు జోడించి 380 మందిపై జరిపిన ట్రయల్ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. కీమోథెరపీ తరువాత మొదటి 24 గంటల్లో వికారమే లేనివారు ఒలాంజపిన్ తీసుకున్న వర్గంలో 74 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వర్గంలో 45 శాతం.

రోగి మాటను కొలతగా మార్చడానికి ప్రశ్నావళులు పుట్టాయి. యూరప్ పరిశోధకులు రూపొందించి 1993లో ప్రచురించిన ముప్ఫై ప్రశ్నల పత్రం నొప్పి, అలసట, నిద్ర, ఆకలి వంటివాటి గురించి రోగినే అడుగుతుంది. అడగకపోతే చాలామంది చెప్పరు. డాక్టరుగారికి తీరిక లేదనుకుంటారు. చెబితే మందు మోతాదు తగ్గించి కణితిని వదిలేస్తారేమోనని భయపడతారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రంలో, క్యాన్సర్ శరీరంలో ఇతర భాగాలకు పాకిన 766 మందిపై ఒక ట్రయల్ జరిగింది. అందులో ఒక వర్గం వారు పన్నెండు సాధారణ లక్షణాలను ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేశారు, ఏదైనా ముదిరితే నర్సులకు హెచ్చరిక వెళ్లింది. జీవన నాణ్యత మెరుగుపడినవారు ఈ వర్గంలో 34 శాతం, మామూలు పద్ధతిలో 18 శాతం. 2017లో వెల్లడైన ఆయుర్దాయపు లెక్క మరింత ఆశ్చర్యం కలిగించింది: మధ్యగత జీవితకాలం (సగంమంది అంతకంటే ఎక్కువ కాలం బతికిన గడువు) ఈ వర్గంలో 31.2 నెలలు, మామూలు పద్ధతిలో 26. ఇక్కడ కొత్త క్యాన్సర్ మందేమీ లేదు, అడగడమూ వెంటనే స్పందించడమూ తప్ప.

అంతకుముందు 2010లో బోస్టన్ పరిశోధకులు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో కొందరికి, వ్యాధి నిర్ధారణ అయిన కొద్దికాలానికే, మామూలు చికిత్సతో పాటు బాధను తగ్గించే ఉపశమన చికిత్స కూడా మొదలుపెట్టారు. వారిలో కుంగుబాటు తగ్గింది, జీవన నాణ్యత పెరిగింది, మధ్యగత జీవితకాలం 8.9 నెలల నుంచి 11.6 నెలలకు చేరింది. ఆయుర్దాయం పెరుగుదల తరువాతి ట్రయల్స్ అన్నింటిలోనూ కనబడలేదు కనుక దాన్ని పెద్దది చేసి చెప్పకూడదు. ఉపశమన చికిత్స అంటే చివరి రోజుల్లో మాత్రమే ఇచ్చేదన్న అభిప్రాయం మాత్రం దీనితో బాగా సడలింది.

ఈ రంగంలో సదుద్దేశం ఒక్కటే సరిపోదు. నరాలకు మేలు చేస్తుందన్న నమ్మకంతో వాడిన పోషక పదార్థం ఎసిటైల్-ఎల్-కార్నిటిన్‌ను రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్న 409 మంది స్త్రీలపై పరీక్షిస్తే, కీమోథెరపీతో వచ్చే తిమ్మిర్లు తగ్గకపోగా ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటే ఎక్కువయ్యాయని 2013లో తేలింది. పోల్చిచూసే వర్గం లేకపోయి ఉంటే ఆ నష్టాన్ని కీమోథెరపీ ఖాతాలోనే వేసేవారు. వదలని అలసటకు మాత్రల కంటే వ్యాయామం, మానసిక చికిత్స మెరుగని 113 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2017లో చెప్పింది. మంచం దిగడమే కష్టమైన మనిషికి నడవమని చెప్పడం తేలిక కాదనుకోండి.

బాధను తగ్గించే మందు తనవంతు బాధ తెస్తే? ఒలాంజపిన్‌తో వచ్చిన చిక్కు అదే. పది మిల్లీగ్రాముల మోతాదు వికారాన్ని ఆపినా పగలంతా మత్తులో ఉంచేది. ముంబైలోని టాటా మెమోరియల్ కేంద్రంలో 2.5 మిల్లీగ్రాముల మోతాదును దానితో పోల్చిన ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. వాంతుల నియంత్రణలో చిన్న మోతాదు పెద్ద మోతాదుకు తీసిపోలేదు. పగటి మత్తు మాత్రం బాగా తగ్గింది. ఆ మత్తు ఎంతో తేల్చినవి కూడా రోగులు ఇచ్చిన జవాబులే.